దూడ బొడ్డు వాపును గడ్డ అనుకొని కోయరాదు

మీ కొట్టములో ఒక పెయ్యదూడ ఉన్నదనుకొనండి. పుట్టి నెలన్నర అయినది. పాలు బాగుగా త్రాగుచున్నది, గంతులు వేయుచున్నది. ఒకనాడు దాని పొట్ట క్రింద, బొడ్డు దగ్గర, నిమ్మకాయంత వాపు కనబడినది. వారము గడచునప్పటికి అది బత్తాయిపండంత అయినది. ఇరుగుపొరుగువారు వచ్చి చూచిరి. "ఇది చీముగడ్డ, మొనతో పొడిచిన దిగిపోవును" అని ఒకరు చెప్పిరి. "వాత పెట్టిన అణగును" అని మరియొకరు చెప్పిరి. "దారముతో బిగించి కట్టిన ఎండి రాలిపోవును" అని మూడవవారు చెప్పిరి. ముగ్గురును మీ మేలు కోరియే చెప్పిరి. కాని ఆ వాపులో చీము లేకపోవచ్చును. దూడ పేగు గాని, నాలుగవ కడుపు గాని అందులోనికి జారియుండవచ్చును. అప్పుడు కత్తి మొన తగులునది గడ్డకు కాదు, దూడ ప్రాణమునకు.

జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాల మండలములోను, చుట్టుపట్ల మొగుళ్లపల్లి, రేగొండ, టేకుమట్ల మండలములలోను పత్తి, వరి, మిరప పండించు రైతులే ఎక్కువ. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడు వరకు ఈ ప్రాంతము వరంగల్లు జిల్లాలోనిది. పత్తి ధర పడిపోయిన ఏట, మిరపకు తెగులు తగిలిన ఏట, ఇంటి ఖర్చులకు ఆసరా అగునది పాలడబ్బే. నేటి పెయ్యదూడయే రేపటి పాడిపశువు. అది ఎదిగి, చూలు కట్టి, ఈని పాలిచ్చుటకు సుమారు మూడేండ్లు పట్టును. బర్రె దుడ్డె అయినచో ఇంకను ఎక్కువ. ఒక తొందరపాటు పనితో అంతకాలపు ఆశ పోగొట్టుకొనరాదు. కావున బొడ్డు వాపు అనగా ఏమి, దానిని గుర్తించుట ఎట్లు, ఎప్పుడు ఆగవచ్చును, ఎప్పుడు శస్త్రచికిత్స చేయించవలెను అను విషయములను ప్రతి పాడిరైతు తెలిసికొనుట మంచిది.

బొడ్డు ద్వారము ఎందుకు మూసుకొనదు?

తల్లి కడుపులో ఉన్నంతకాలము దూడకు ఆహారము, ప్రాణవాయువు బొడ్డుపేగు ద్వారానే అందును. ఆ పేగులోని గొట్టములు పొట్ట గోడకు గల ఒక చిన్న రంధ్రము గుండా లోపలికి పోవును. వీనిలో కార్జమునకు పోవు రక్తనాళము ఒకటి. మూత్రాశయమునకు ఇరుప్రక్కల పోవు రక్తనాళములు రెండు. కడుపులోని దూడ మూత్రమును వెలికి తీసికొనిపోవు గొట్టము ఒకటి. ఈత సమయమున బొడ్డుపేగు తెగగానే వీని పని తీరిపోవును. అవి ముడుచుకొని ఎండి, క్రమముగా నారలుగా మారును. పొట్ట గోడలోని రంధ్రము కూడ కొద్దిరోజులలో బిగిసి మూసుకొనును.

ఏదేని కారణముచే ఈ రంధ్రము మూసుకొనకపోయినచో పొట్ట లోపలి పలుచని పొర సంచివలె దాని గుండా వెలికి పొడుచుకొని వచ్చును. ఆ సంచిలోనికి పేగులమీది కొవ్వుపొర గాని, పేగు గాని, పాలు జీర్ణము చేయు నాలుగవ కడుపు గాని దిగును. పైన చర్మము మాత్రము చెక్కుచెదరక ఉండును. దీనినే వైద్యులు బొడ్డు హెర్నియా అందురు. మనుష్యులలో బుడ్డ దిగుట అని పల్లెలలో చెప్పుకొను జబ్బు తెగకు చెందినదే ఇది. బస్తాకు చిల్లి పడగా గింజలు లోపలి గుడ్డసంచితో సహా వెలికి ఉబికినట్లు భావించినచో సులభముగా అర్థమగును. గింజలలో దోషము లేదు, చిల్లిలోనే ఉన్నది. కావున చికిత్స కూడ ఆ చిల్లికే చేయవలెను.

ఇది కలుగుటకు ముఖ్యమైన కారణములు మూడు. మొదటిది వంశపారంపర్యము. కొన్ని ఆబోతుల సంతతిలో ఈ లోపము తరచుగా కనబడును. సంకరజాతి దూడలలో, అందును హోలిస్టీన్ రక్తము గలవానిలో, ఇది ఎక్కువ. రెండవది బొడ్డుకు చీము పట్టుట. మురికి నేలమీద పుట్టిన దూడకు పచ్చిబొడ్డు గుండా సూక్ష్మజీవులు ప్రవేశించి, మూసుకొనవలసిన రంధ్రమును మూసుకొననీయవు. మూడవది బొడ్డుపేగును చేతితో గట్టిగా లాగుట, లేదా పొట్టకు అంటునట్లు కోయుట. మొదటి కారణమును మీ కొట్టములో ఆపలేరు గాని తక్కిన రెండును మీ చేతిలోనివే.

వాపులన్నియు ఒకటి కావు

బొడ్డు దగ్గర వచ్చు వాపు నాలుగు విధములుగా ఉండవచ్చును.

1. హెర్నియా మాత్రమే అయినది. వాపు మెత్తగా ఉండును. నొప్పి, వేడి ఉండవు. దూడను వెల్లకిల పరుండబెట్టి మెల్లగా నొక్కినచో లోపలి పదార్థము పొట్టలోనికి పోవును. అప్పుడు వ్రేలికి రంధ్రపు అంచు ఉంగరమువలె తగులును. దూడ లేచి నిలువగానే వాపు మరల దిగును.

2. చీముగడ్డ. వాపు వేడిగా, గట్టిగా ఉండును. ముట్టుకొనిన దూడ నొప్పితో కాలు జాడించును. జ్వరము ఉండవచ్చును. నొక్కినను లోపలికి పోదు, ఉంగరము చేతికి తగులదు. కొన్నాళ్లకు నడుమ మెత్తబడి చీము కారవచ్చును.

3. రెండును కలిసినది. పైన చీము, లోపల హెర్నియా ఉండును. అనుభవము లేనివారిని మోసపుచ్చునది ఇదియే. పైకి చీముగడ్డవలె కనబడుచుండగా దాని వెనుకనే పేగు ఉండును.

4. మూత్రమునకు సంబంధించినది. మూత్రపు గొట్టము మూసుకొనని దూడకు బొడ్డు ఎల్లప్పుడు తడిగా ఉండి చుక్కలు కారుచుండును. మగపశువులలో రాయి అడ్డుపడి మూత్రము ఆగి, నాళము పగిలినచో మూత్రము చర్మము క్రిందికి చేరి పొట్ట క్రింద వాపు వచ్చును. అట్టి పశువు ముక్కును గాని మూత్రము పోయదు. దీనికి వెంటనే వైద్యము కావలెను.

మూడవ విధమును దృష్టిలో నుంచుకొనియే ఈ వ్యాసమునకు ఆ పేరు పెట్టబడినది. చీము కారుచున్నను సరే, బొడ్డు వాపును ఇంటి దగ్గర కోయరాదు. పశువైద్యుడు ముందుగా చేతితో తడిమి, అవసరమైనచో శుభ్రమైన సన్నని సూదితో కొద్దిగా లాగి చూచి, లోపలిది చీమో కాదో నిర్ణయించును. కళాశాల ఆసుపత్రులలో స్కానింగు యంత్రముతో లోపలి భాగమును చూచుటకు కూడ వీలున్నది.

చేతితో చూచు విధము

దూడ పుట్టిన వారము మొదలు నాలుగు నెలల వరకు, వారమునకు ఒకసారి దాని బొడ్డును చేతితో తడిమి చూచు అలవాటు చేసికొనవలెను. దీనికి ఖర్చు లేదు. ముందుగా చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. దూడ పాలు త్రాగక ముందు, మెత్తని గడ్డిమీద దానిని వెల్లకిల పరుండబెట్టవలెను. ఒకరు కాళ్లు మెల్లగా పట్టుకొనగా, మరియొకరు వాపుమీద అరచేయి ఉంచి నెమ్మదిగా లోపలికి నొక్కవలెను. లోపలి పదార్థము పోయిన తరువాత రంధ్రములో ఎన్ని వ్రేళ్లు పట్టునో చూడవలెను. ఆ సంఖ్యను, తేదీని గోడమీదనో, పుస్తకములోనో వ్రాసికొనవలెను. మూడు వ్రేళ్ల వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లు, అనగా రెండు అంగుళములు. దూడ నొప్పితో గింజుకొనినను, వాపు లోపలికి పోకున్నను, బలవంతముగా నొక్కరాదు. అక్కడితో ఆపి వైద్యుని పిలువవలెను.

ఎప్పుడు ఆగవచ్చును, ఎప్పుడు ఆగరాదు?

రంధ్రము ఒకటి రెండు వ్రేళ్ల కంటె చిన్నదై, వాపు మెత్తగా ఉండి పూర్తిగా లోపలికి పోవుచున్నచో, దూడకు జ్వరము, నొప్పి లేనిచో, వైద్యునికి ఒకసారి చూపించి కొంతకాలము ఆగవచ్చును. ఇట్టి చిన్న రంధ్రములు దూడ ఎదుగుచుండగా మూడు నాలుగు నెలల లోపల తమంతట తామే మూసుకొనుట కలదు. ఈ కాలములో వారము వారము కొలత తగ్గుచున్నదా, పెరుగుచున్నదా అని గమనించుటయే మీ పని.

రంధ్రము మూడు వ్రేళ్లు పట్టునంత పెద్దదైనను, వారము వారము పెరుగుచున్నను, నాలుగు నెలలు నిండినను మూయకున్నను, వాపు పూర్తిగా లోపలికి పోకున్నను శస్త్రచికిత్స చేయించవలెను. ఆలస్యమైన కొలది దూడ బరువు పెరుగును, పొట్టలోని మేత బరువు పెరుగును, కుట్లమీద పడు భారము కూడ పెరుగును. చిన్న దూడకు సులభముగా అగు పని పెద్ద పశువునకు కష్టమగును.

మనుష్యుల పిల్లలకు కూడ బొడ్డు ఉబ్బుట మీరు చూచియుందురు. ఆ పిల్లలలో ఎక్కువమందికి నాలుగైదు సంవత్సరముల లోపల అది తనంతట తానే మానిపోవును. బొడ్డుమీద నాణెము పెట్టి కట్టుటవలన ప్రయోజనము లేదు, చర్మము ఒరిసి పుండు పడవచ్చును. పిల్లలను డాక్టరుకు చూపిన చాలును. అయితే పిల్లవాడు ఆగినన్నాళ్లు దూడ కూడ ఆగవచ్చునని అనుకొనరాదు. దూడ నాలుగు కాళ్లమీద నిలుచును. పొట్టలోని బరువంతయు పగలనక రాత్రనక పొట్ట అడుగునకే, ఆ రంధ్రముమీదికే వ్రేలాడును. అందుచేత పెద్ద రంధ్రము దానంతట అది మూయునని ఎదురుచూచుట వృథా.

ఇక ఒక్క గంట కూడ ఆగరాని స్థితి ఒకటి కలదు. మెత్తగా ఉండిన వాపు అకస్మాత్తుగా గట్టిపడును, ముట్టుకొనిన నొప్పి పుట్టును, లోపలికి పోదు. దూడ పాలు మానును, వెనుక కాలితో పొట్టను తన్నుకొనును, పండుకొని లేచుచుండును, పేడ వేయదు, కడుపు ఉబ్బును. పేగు ఆ ఇరుకు రంధ్రములో చిక్కుకొని రక్తము ఆడక కుళ్లుటకు ఆరంభించినదని దీని అర్థము. రాత్రి అని, పండుగ అని చూడక ఆ గంటలోనే వైద్యునికి తెలుపవలెను. రేపటికి ఆగినచో దూడ దక్కకపోవచ్చును.

ఇంటి చికిత్సలవలన కలుగు కీడు

కత్తితో పొడిచినచో నాలుగవ కడుపు గాని, పేగు గాని తెగి, త్రాగిన పాలు బొడ్డు గుండా కారుట మొదలిడును. పొట్టలోనికి ఆ మురికి చేరి దూడ చచ్చును. వాత పెట్టినచో చర్మము కాలి పుండు పడును గాని రంధ్రము అట్లే ఉండును. పైగా, తరువాత శస్త్రచికిత్స చేయుటకు కావలసిన మంచి చర్మము లేకుండ పోవును. దారముతోనో, రబ్బరు పట్టీతోనో సంచి మొదలు బిగించినచో, లోపల పేగు ఉన్నదో లేదో తెలియక దానిని కూడ కట్టివేయుట జరుగును. గుడ్డకట్టు కూడ వైద్యుడు చెప్పిననే వేయవలెను. మగదూడకు మూత్రము పోవు భాగము బొడ్డుకు దగ్గరలోనే ఉండును. అక్కడ కట్టు కట్టినచో అది మూత్రముతో తడిసి చర్మము కుళ్లును.

శస్త్రచికిత్స ఎట్లు జరుగును?

"ఆపరేషను" అను మాట వినగానే రైతు జంకుట సహజము. జరుగు పని ఏమిటో తెలిసినచో ఆ భయము తగ్గును.

చికిత్సకు ముందు దూడకు ఎంతసేపు పాలు, మేత మాన్పవలెనో వైద్యుడు చెప్పును. పాలమీదనే ఉన్న చిన్న దూడను కొద్ది గంటలు మాత్రమే మాన్పవలెను, లేనిచో నీరసించును. నెమరువేయు పెద్ద దూడకు అంతకంటె ఎక్కువసేపు మేత మాన్పవలసి యుండును. కడుపు నిండియున్నచో వెల్లకిల పరుండబెట్టినప్పుడు లోపలి మేత గొంతునకు వచ్చి ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము కలదు. కావున, జాలిపడి దొంగచాటుగా పాలు పట్టరాదు.

ముందుగా మత్తు సూది ఇత్తురు. పశువైద్యములో తరచుగా వాడు జైలజీను అను మందు గుర్రమునకు ఇచ్చు మోతాదులో సుమారు పదవవంతే ఆవుజాతికి చాలును. కొంచెము ఎక్కువైనను ప్రమాదమే. మందు మోతాదు తెలియనివారు ఈ పనికి పూనుకొనరాదని చెప్పుట ఇందుకే. తరువాత రంధ్రము చుట్టును లిగ్నోకెయిను సూదిమందు ఎక్కించి ఆ భాగమునకు స్పర్శ లేకుండ చేయుదురు. 1943లో స్వీడను దేశములో నీల్స్ లోఫ్‌గ్రెన్ అను రసాయనికుడు తయారుచేసిన మందు ఇది. మీ పన్ను పీకునప్పుడు దంతవైద్యుడు వాడునదియు సాధారణముగా ఇదే.

వెంట్రుకలు గొరిగి, సబ్బుతోను క్రిమిసంహారక ద్రావణముతోను కడిగి, శుభ్రమైన గుడ్డలు పరచి, వాపుపై చర్మమును జాగ్రత్తగా కోయుదురు. చర్మము నుండి సంచిని వేరు చేయుదురు. సంచి శుభ్రముగా ఉండి లోపలి పదార్థము సులభముగా పోవునట్లున్నచో దానిని తెరువకయే లోపలికి నెట్టుదురు. పేగు సంచికి అతుక్కొనియున్నను, చీము ఉన్నను, సంచిని తెరచి అతుకులు విడదీసి, చెడిన భాగమును తీసివేయుదురు.

అసలు పని ఇక్కడ నుండి ఆరంభమగును. రంధ్రపు అంచులను గట్టి దారముతో కుట్టవలెను. రెండు అంచులను ఎదురెదురుగా చేర్చి కుట్టుట ఒక పద్ధతి. ఒక అంచును మరియొక అంచుమీదికి తెచ్చి, చొక్కా ముందుభాగములు ఒకదానిపై ఒకటి వచ్చి గుండీలు పడునట్లు కుట్టుట మరియొక పద్ధతి. అమెరికా శస్త్రవైద్యుడు విలియం మేయో మనుష్యుల బొడ్డు హెర్నియాకు ఈ రెండవ పద్ధతిని 1901లో ప్రకటించెను. తరువాత పశువైద్యులును దీనిని చేపట్టిరి. అంచులు దగ్గరకు రానంత పెద్ద రంధ్రమైనచో సన్నని ప్లాస్టిక్ వలను అడ్డముగా ఉంచి కుట్టుదురు. చిరిగిన గోనెసంచికి అతుకు వేసినట్లే ఇది. శరీరము ఆ వల కన్నులలోనికి కొత్త నారను పెంచుకొని గట్టిపడును. చివరకు చర్మమును కుట్టి మందు అద్దుదురు.

ఇదంతయు శుభ్రమైన చోట, అర్హత గలవారి చేత జరుగవలసిన పని. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టము ప్రకారము నమోదైన పశువైద్యులే పశువైద్యము చేయవలెను. తక్కిన సిబ్బంది వారి పర్యవేక్షణలో చిన్న సేవలు మాత్రమే చేయవచ్చును. గోపాలమిత్రలు, పంచాయతీ కార్యదర్శులు, విస్తరణ అధికారులు ఈ సంగతిని గ్రామములలో తెలియజెప్పవలెను.

మండల పశువైద్యశాలలో చూపిన తరువాత, పెద్ద రంధ్రములకు, చిక్కు గల కేసులకు వైద్యుడు పెద్ద ఆసుపత్రికి పంపవచ్చును. చిట్యాల ప్రాంతమువారికి వరంగల్లు దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నది. ఇది 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు చెందినది. సంచార పశువైద్య వాహనము కొరకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చును. దూడను తరలించునప్పుడు కాళ్లు కట్టి పడవేయరాదు. వాహనములో మందముగా గడ్డి పరచి, వాపుమీద ఒత్తిడి పడకుండ ఒకరు ప్రక్కన కూర్చుండవలెను.

ఇంటికి వచ్చిన తరువాత

శస్త్రచికిత్సలో సగము పని వైద్యునిది, తక్కిన సగము రైతుది. ఎంత చక్కగా కుట్టినను, ఇంట అజాగ్రత్త చేసినచో కుట్లు తెగి వాపు మరల దిగును.

దూడను పొడిగా, శుభ్రముగా ఉన్న చోట ఎండుగడ్డి పరచి విడిగా కట్టవలెను. నెల రోజుల వరకు పరుగులు, గంతులు లేకుండ చూడవలెను. తల్లి గాని, ఇతర దూడలు గాని గాయమును నాకకుండ, చీకకుండ కాపాడవలెను. పాలు ఒకేసారి కడుపునిండ పట్టక, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టవలెను. మేత తినుదూడకు కడుపు ఉబ్బించు బరువైన మేత కొన్నాళ్లు తగ్గించవలెను. వైద్యుడు చెప్పిన సూదిమందులు ఎన్ని రోజులు వేయమనిన అన్ని రోజులును వేయించవలెను. రెండు రోజులకే దూడ హుషారైనదని మానరాదు. నొప్పి తగ్గించు మందును మనుష్యుల మందుల దుకాణము నుండి మీరే కొని వేయరాదు. డైక్లోఫెనాక్ మందును పశువులకు వాడుటను మన దేశములో 2006లో నిషేధించిరి. ఆ మందు పడిన పశువు కళేబరమును తినిన రాబందులు చచ్చుటయే ఇందుకు కారణము.

కుట్లు వేసిన చోట మొదటి కొద్దిరోజులు కొంచెము నీరు దిగి ఉబ్బి ఉండుట మామూలే. ఆ ఉబ్బు రోజురోజునకు తగ్గవలెను. తగ్గక పెరుగుచున్నను, దుర్వాసనతో రసి కారుచున్నను, జ్వరము 104 డిగ్రీలు దాటినను, దూడ పాలు మానినను వెంటనే వైద్యునికి తెలుపవలెను. ఈగలు వాలి పురుగు పడకుండ వైద్యుడిచ్చిన మందును గాయము చుట్టును రాయవలెను. పది నుండి పదునాలుగు రోజులకు చర్మపు కుట్లు విప్పింతురు. చర్మము మానినను లోపలి కుట్టు గట్టిపడుటకు ఇంకను కొన్ని వారములు కావలెనని మరువరాదు.

అత్యవసరము కాని శస్త్రచికిత్సకు వాన, బురద, ఈగలు లేని పొడి రోజులను ఎన్నుకొనుట మంచిది. చిక్కుకొనిన పేగునకు మాత్రము ఋతువుతో నిమిత్తము లేదు.

రాకుండ చేసికొనుట

ఈత జరుగు చోటును ముందుగానే శుభ్రపరచి ఎండుగడ్డి వేయవలెను. బొడ్డుపేగు తనంతట తానే తెగనీయవలెను, లాగరాదు. తెగకున్నచో పొట్టకు రెండు అంగుళముల దూరమున శుభ్రమైన దారముతో కట్టి, దాని క్రింద ఉడికించిన కత్తెరతో గాని, కొత్త బ్లేడుతో గాని కోయవలెను. వెంటనే టించరు అయోడినులో ఆ మొదలును ముంచవలెను. ఎండువరకు రోజూ ఈ విధముగా చేయవలెను. పేడ, బూడిద, పసుపు అద్దరాదు. పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెను. మొదటి రోజున దూడ బరువులో పదవవంతు, అనగా 30 కిలోల దూడకు సుమారు 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా ఇయ్యవలెను. "జున్నుకు కావలెను" అని దూడ వంతును తగ్గించిన ఇంటనే బొడ్డుకు చీము, కీళ్లవాపు ఎక్కువగా వచ్చును. దూడలు ఒకదాని బొడ్డును మరియొకటి చీకకుండ విడివిడిగా కట్టవలెను.

వంశము మాట కూడ మరువరాదు. హెర్నియాతో పుట్టిన మగదూడను, శస్త్రచికిత్స తరువాత ఎంత ఏపుగా ఎదిగినను, ఊరి ఆబోతుగా విడువరాదు. దానిని విత్తులు నొక్కించి దుక్కికి వాడుకొనవచ్చును. పెయ్యను పాడికి పెంచుకొనవచ్చును గాని, దాని దూడల బొడ్డులను మరింత శ్రద్ధతో చూడవలెను. కృత్రిమ గర్భధారణకు వాడు వీర్యపు నాళికమీద ఆబోతు సంఖ్య ముద్రించి ఉండును. ఆ సంఖ్యను వ్రాసి ఉంచుకొనవలెను. ఒకే ఆబోతుకు పుట్టిన రెండు మూడు దూడలలో ఈ లోపము కనబడినచో గోపాలమిత్రకు, పశువైద్యునికి తెలిపినచో ఊరంతటికి మేలు చేసినవారగుదురు. సంతలో దూడను కొనునప్పుడు పండ్లు చూచినట్లే బొడ్డు క్రింద కూడ చేయి పెట్టి చూడవలెను. అమ్మువారును లోపము ఉన్నచో దాచక చెప్పవలెను.

రైతు సోదరులారా, బొడ్డు వాపు దూడకు చావు కాదు. సకాలములో గుర్తించి, తగినవారి చేత కుట్టించి, నెల రోజులు కనిపెట్టుకొని ఉన్నచో ఎక్కువ దూడలు తక్కినవానివలెనే ఎదిగి చూలు కట్టి పాలిత్తును. దానిని చావుగా మార్చునది తొందరపాటు కత్తి ఒకటి, పనికిమాలిన ఆలస్యము ఒకటి. ఈ సాయంకాలము పాలు పితుకుటకు కొట్టములోనికి పోయినప్పుడు దూడ బొడ్డు క్రింద ఒకసారి చేయి పెట్టి చూడండి. ఏమియు తగులకున్న సంతోషము. మెత్తగా ఏదేని తగిలినచో కత్తి తీయక, తేదీ వ్రాసికొని, రేపు ప్రొద్దుననే పశువుల దవాఖానకు తీసికొనిపొండి. గట్టిగా తగిలి దూడ నొప్పితో మూలుగుచున్నచో మాత్రము ప్రొద్దు పొడుచువరకు ఆగక ఈ రాత్రియే వైద్యునికి కబురు పంపండి.